నిండు డబ్బా

నీలకు ఎనిమిదో నెల. ఇంతకుముందు రెండుసార్లు పిల్ల కడుపులోనే పోయింది. ఈసారి కూడా దక్కకపోతే కొడుక్కి ఇంకో పిల్లను చూస్తానని అత్త పోశవ్వ రుద్రంగి అంతా వినేలా చెప్పేసింది. కొడుకు జలపతి దుబాయిలో ఉన్నాడు. తల్లి గీసిన గీత దాటే రకం కాదు.

జగిత్యాల డాక్టరమ్మ నీల పొట్ట తడిమి, మొహం చిట్లించి, ఒక ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చింది. కడుపులో పిల్ల బాగుంటే తల్లి మూత్రంలో ఒక హార్మోను దండిగా పడుతుందట. పిల్ల నీరసిస్తే అదీ తగ్గుతుందట. అందుకని ఒక పగలూ రాత్రీ పోసినదంతా పట్టి తేవాలి.

"మొత్తం కావాలి. తక్కువైతే లెక్క తప్పుతుంది" అంది డాక్టరమ్మ.

దొడ్లో గడ్డివాము చాటున నీల ఆ పని చేస్తుంటే పోశవ్వ కాపలా కాసింది. తెల్లారేసరికి డబ్బా మెడదాకా నిండింది. కోడలిని కదలొద్దని చెప్పి, డబ్బాకు పాత చీరముక్క చుట్టి తనే బస్సెక్కింది. కోడలంటే పడని మనిషే. కానీ లోపల ఉన్నది జలపతి రక్తం కదా.

కోరుట్ల ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపారు. మొన్ననే అన్నలు కల్వర్టు పేల్చారు. ఆ రోజుల్లో ముసలమ్మ చంకలో మూట కనబడినా ఖాకీలకు అందులో బాంబే కనబడేది.

"డబ్బాల ఏందే?" అన్నాడు హెడ్డు.

"నా కోడలు ఉచ్చ, సారూ. దవఖానకు తీస్కపోతున్న."

బస్సంతా నవ్వింది. హెడ్డు నవ్వలేదు. ఆమెను కిందికి దించాడు. మందుపాతర్లకు యాసిడ్ మోస్తున్నావా అంటూ చెంప పగలగొట్టాడు. బస్సు వెళ్లిపోయినా ఎండలోనే నిలబెట్టాడు. చివరికి మూత తీసి, వాసన చూసి, థూ అని ఉమ్మి పొమ్మన్నాడు. పోశవ్వ కాళ్లీడ్చుకుంటూ కోరుట్ల చేరి, ఇంకో బస్సు పట్టుకుని జగిత్యాలలో దిగింది.

డాక్టరమ్మ డబ్బా కొలిచి చూసి సంబరపడింది. చుక్క పోకుండా తెచ్చావని మెచ్చుకుని, కొంత సీసాలో పోసి హైదరాబాదు పంపించింది.

ఆ వారంలోనే ఫలితం వచ్చింది. హార్మోను ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. లోపల పిల్ల ప్రాణం జారిపోతోంది, ఇంకో పరీక్షకు వ్యవధి లేదు, ఇవాళే కోసి తీయాలంది డాక్టరమ్మ. పోశవ్వ ఏదో అనబోయి ఊరుకుంది. వేలిముద్ర వేసింది.

మగపిల్లవాడు. నెలలు నిండని ఊపిరితిత్తులతో పొద్దుగూకేదాకా కొట్టుకుని ఆగిపోయాడు. లోపలే ఉంచినా దక్కేవాడు కాదని డాక్టరమ్మ ఓదార్చింది. నీల ఆ మాట నమ్మింది.

పచ్చి గాయం మానకముందే పోశవ్వ చందుర్తిలో కొత్త సంబంధం ఖాయం చేసింది. నీలను పెగడపల్లిలో తల్లిగారింట్లో దింపడానికి కూడా తనే వెళ్లింది. గడపలో నీల అత్త కాళ్లు పట్టుకుంది.

"నా కోసరం పోలీసోళ్లతోని దెబ్బలు తింటివి అత్తా. నా కడుపే పాపిష్టిది. నీ తప్పేం లేదు."

పోశవ్వ వంగి ఆమె తల నిమిరింది.

"నీ నొసట గట్లనే రాసిపెట్టి ఉన్నది బిడ్డా."

ఆ రోజు హెడ్డు సగానికి పైగా రోడ్డు మీద గుమ్మరిస్తే, తక్కువైతే లెక్క తప్పుతుందన్న భయంతో డబ్బాను కోరుట్ల బస్టాండు నల్లా కింద పెట్టి నీళ్లతో మెడదాకా నింపింది పోశవ్వే.