అర్జీదారుకు ఏమవుతారు?

"ఏమయ్యా, మళ్ళీ తగలడ్డావా?"

కిటికీ అవతల నిలబడ్డ ముసలాయన చీటీ లోపలికి తోశాడు. గుమాస్తా దాన్ని చచ్చిన బొద్దింకను నెట్టినట్టు వేలికొసతో వెనక్కి నెట్టాడు.

గాయపడ్డ మాజీ సైనికుల పింఛను అప్పీళ్ళు తేల్చే ఆఫీసు అది. లోపలికి వెళ్ళాలంటే చీటీ నింపాలి. అందులో 'అర్జీదారుకు ఏమవుతారు?' అని ఒక గడి ఉంటుంది. భార్య, కొడుకు, కూతురు, వకీలు. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. పెట్టకపోతే చీటీలో పేరు కూడా చదవరు, అంతే.

ముసలాయన ఆరు వారాలుగా ఆ గడిని ఖాళీగా వదిలేస్తున్నాడు.

"అసలు ఏమవుతావయ్యా అతనికి?"

"ఏమీ కానండీ."

"ఏమీ కానివాడికి ఇక్కడేం పని?"

"ఆ రిపోర్టు గురించి చెప్పాలండీ. అది..."

"రిపోర్టు సంగతి మేం చూసుకుంటాంలే. జరుగు, జరుగు. తర్వాత ఎవరు?"

వెనకాల ఎవరూ లేరు. అయినా అడిగాడు. అదో జబ్బు ఆ ఆఫీసులో.

పక్క సీటాయనకు జాలేసింది. "వకీలని పెట్టెయ్యరాదూ, గొడవ వదిలిపోతుంది."

"అబద్ధం రాయలేనండీ."

"అబ్బో! పెద్ద నీతిమంతుడు బయల్దేరాడండీ," అని ఇద్దరూ పడీపడీ నవ్వారు. వాళ్ళ లెక్కన ఆ ముసలాయన ఒక బ్రోకరు. పింఛను రాని ఇళ్ళ చుట్టూ జలగల్లా తిరిగే జాతి.

ఆ ఫైలు కథ ఆఫీసులో అందరికీ తెలిసిందే. ఒక సిపాయికి నడుం విరిగింది. పన్నెండేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. డ్యూటీలో ఉండగా లారీ బోల్తా పడిందంటాడు అతను. కాదు, సెలవు మీద వెళ్ళి, తాగి, సొంత బండి మీద నుంచి పడ్డాడని అతని మేజరు రాసిన రిపోర్టు అంటుంది. ఆ ఒక్క కాగితం పట్టుకుని రెండు అప్పీళ్ళు కొట్టేశారు. ఇది మూడోది, ఆఖరిది. ఇదీ పోతే ఆ ఇంట్లో మందులకు కూడా దిక్కు లేదు.

విచారణ రోజు వచ్చింది.

విచారణ అంటే ఏదో అనుకునేరు. ఒక బల్ల, ముగ్గురు సభ్యులు, భోజనం వేళలోగా నలభై ఫైళ్ళు. రోగిని ఎవరూ చూడరు. డాక్టరు సభ్యుడు ఎక్స్‌రే కవరు మీద నంబరు చూసి, విప్పకుండానే పక్కన పెడతాడు. 'సాక్ష్యం చాలదు' అన్న మాటకు రబ్బరు స్టాంపు ముందే చేయించి పెట్టుకున్నారు. మంజూరు చేయాలంటే మాత్రం కారణాలు చేత్తో రాయాలి, రెండు పేజీలు. ఎవరికుంది ఓపిక? ఛీ!

సిపాయి ఫైలు తెరిచేసరికి ముసలాయన తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. వెనకాలే గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా, ఆ రిపోర్టు అబద్ధం. అతను ఆ రోజు డ్యూటీలోనే ఉన్నాడు. బ్రేకులు పనిచేయవని తెలిసీ ఆ లారీ పంపించారు. అది బయటపడకూడదని..."

"ఎవరు నువ్వు?" అన్నాడు అధ్యక్షుడు.

ముసలాయన నోరు తెరిచేలోపే గుమాస్తా అందుకున్నాడు. "బ్రోకరండీ. ఆరు వారాలుగా ప్రాణాలు తోడేస్తున్నాడు."

"నువ్వు కళ్ళారా చూశావా?"

"చూశానండీ."

"మరి పన్నెండేళ్ళూ బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావేం?"

ముసలాయన తల దించుకున్నాడు. "భయపడ్డానండీ. నేను..."

"చాల్చాల్లే! ఒక మేజరు సంతకం పెట్టి రాసిన మాట ముందు దారినపోయే దానయ్య మాటా? బయటికి పంపించండి వీణ్ణి."

గుమాస్తా జబ్బ పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. తలుపు పూర్తిగా మూసుకోకముందే స్టాంపు పడింది.

రెండు వారాల తర్వాత సిపాయి భార్య ఉత్తర్వు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"సాక్షి ఎవరూ రాలేదని రాశారేంటి బాబూ? మా ఆయన్ని వదిలి రాలేకే కదా, ఆ పెద్దాయన్ని పంపించాను."

"ఎవరు, ఆ బ్రోకరా? అలాంటి వాళ్ళను నమ్ముకుంటే ఇంతేనమ్మా."

"బ్రోకరేంటి బాబూ! మొదటిసారి వచ్చినప్పుడు నేనూ మొహాన తలుపేశాను. అయినా పోలేదు. రోజూ వచ్చి మా ఆయన్ని పక్కకు తిప్పేవారు, ఒళ్ళు తుడిచేవారు, వీపు మీద పుళ్ళకు మందు రాసేవారు. మీవాళ్ళు గెంటేసిన నాలుగో రోజున గుండె ఆగి పోయారు."

గుమాస్తా చేతిలో కలం కింద పెట్టాడు.

"మీకు చుట్టమా అమ్మా?"

"కాదు."

"మరి అంత చాకిరీ ఎందుకు చేశాడు?"

ఆమె ఉత్తర్వుకు గుచ్చి ఉన్న రిపోర్టు నకలు తిప్పింది. అడుగున, మేజరు పేరు పక్కన వేలు పెట్టింది.

"ఈ సంతకం ఆయనదే బాబూ."