నడిచి దించిన షుగరు

"ఊసి వద్దంటే వద్దు, ఇంక సూది పొడిపించుకోను!" అంటూ వేదవల్లి కోడలి చేతిలోని ఇన్సులిన్ సిరంజిని లాక్కుని చెత్తబుట్టలో పడేసింది.

అత్త మీది కోపం దుత్త మీద చూపించే రకం కాదు అనుప్రియ. అత్త మీదే చూపించింది.

"నాలుగు దినాలుగా ఇదే వరస. సుమ్మా, ఊరికినే మొండికేస్తే షుగరు ఊరుకుంటాదా అత్తా? రేపు యాడన్నా పడిపోతే మీ కొడుకు అడిగేది నన్నే గదా!"

"యాడా పడను. షుగరు దిగింది. మీటరే చెప్తా ఉండాది."

"మీటరా? ఎవరి వేలు గుచ్చి చూపిస్తా ఉండారో ఏమో!"

వేదవల్లికి ఒళ్లు మండిపోయింది. అరవై నాలుగేళ్ల మనిషిని పట్టుకుని దొంగంటుందా? పన్నెండేళ్లుగా పొద్దునొకటి, సాయంత్రమొకటి పొడిపించుకుని పొట్టంతా గడ్డలు కట్టింది. కడలూరులో ఉన్న చెల్లెలి ఇంట్లో ఒక్క రాత్రి పడుకుందామన్నా సూదుల డబ్బా, ఐసు ముక్కలు వెంట మోసుకుపోవాలి. ఆ పీడ వదిలించుకోవాలనే కదా ఏడు నెలలుగా కోడి కూయకముందే లేచి బీచ్ రోడ్డు మీద పడి నడుస్తోంది! వాన పడినా మానలేదు, పండగొచ్చినా మానలేదు.

వేలు చాపింది. "ఇదిగో, నువ్వే గుచ్చు."

అనుప్రియ గుచ్చింది. మీటరులో డెబ్బై నాలుగు కనిపించింది. నమ్మకం కుదరక ఇంకో వేలు గుచ్చింది. డెబ్బై రెండు.

మీసం ఉంటే మెలేసేదే వేదవల్లి. "ఏంది, నోరు పెగలదే?"

అనుప్రియ మీటరు పక్కన పెట్టి స్కూటరు తాళం అందుకుంది. "డాక్టర్నే అడుగుదాం రండత్తా. ఆయన మానెయ్యమంటే నేను మళ్లా నోరెత్తను."

"పద. ఇప్పుడే పద."

తిడతాడన్న భయంతో ఏడాదిన్నరగా డాక్టరు గడప తొక్కని మనిషి, ఆ పూట పరీక్ష పాసైన పిల్లలా స్కూటరెక్కి కోడలి వెనక కూర్చుంది. క్లినిక్‌లో రక్తం తీశారు, మూత్రం తీసుకున్నారు, రిపోర్టు వచ్చేదాకా బెంచీ మీద కూర్చోమన్నారు. అక్కడైనా ఊరికే కూర్చుందా? పక్కనున్న ముగ్గురు ఆడవాళ్లకు చేతులు ఎలా ఊపాలో, అడుగు ఎంత వెయ్యాలో నేర్పింది. వాళ్లలో ఒకామె వేదవల్లి ఫోను నంబరు కూడా రాసుకుంది.

లోపలికి పిలిచారు. డాక్టర్ ఉమామహేష్‌ది యానాం. మాటకు ముందో అండీ, వెనకో అండీ పెట్టే మనిషి. రిపోర్టు చేతిలో పట్టుకుని చాలాసేపు చదివాడు.

"షుగరు డెబ్బై ఎనిమిదండీ."

వేదవల్లి కోడలి వైపు చూసింది. కోడలు నేల వైపు చూసింది.

"ఆకలి ఎలా ఉందండీ, అమ్మగారూ?"

"నోరు కట్టేసుకున్నా సార్. రెండు ఇడ్లీలు తింటే మూడో దాని మీదికి మనసే పోదు."

అతను వంగి ఆమె పాదం మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. వేలు తీసినా పూడలేదు.

"ఈ వాపు ఎన్నాళ్ల నుంచండీ?"

"నడిచే కాళ్లు వాయవా సార్? చెప్పులు ఒక సైజు పెద్దవి తీసుకున్నా, సరిపోయింది."

"ఆయాసం వస్తోందా?"

"గంటసేపు విసురుగా నడవండి, మీకూ వస్తాది."

అనుప్రియకు నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నవ్వలేదు. కాగితం తిప్పి రెండో పేజీ చూశాడు.

వేదవల్లికి ఓపిక నశించింది. "అవన్నీ ఎందుకు సార్? ఒక్క మాట చెప్పండి. నాకు ఆ ఊసి కావాల్నా, వద్దా?"

"వద్దండీ. ఇవాళ్టి నుంచి ఇన్సులిన్ ఆపేద్దాం."

ఆ మాట చెవిన పడగానే వేదవల్లి డాక్టరుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. గెలిచిన సంబరం చూపిద్దామనుకున్న మనిషి చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఈ సాయంత్రమే కడలూరు బస్సెక్కాలి. ఒట్టి చేతులతో ఎక్కాలి. చెల్లెలి పక్కన పడుకుని తెల్లారేదాకా కబుర్లాడుకోవాలి.

అనుప్రియ ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పయింది అత్తా. అనరాని మాటన్నా."

"పోనీలేవే. రేపట్నించి నువ్వూ రా నాతో. మీ అమ్మకూ షుగరే గదా, నీకు రాకుండా ఉంటాది." కొంగుతో ముక్కు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగింది. "ఇదంతా నా నడక చలవే గదా సార్? మీ నోటితో దీనికి కొంచెం చెప్పండి."

ఉమామహేష్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నడక మంచిదేనండీ, మీ కష్టాన్ని కాదనను. కానీ ఒంట్లో ఊరే ఇన్సులిన్‌నైనా, గుచ్చిందాన్నైనా పనయ్యాక బయటికి పంపేవి కిడ్నీలండీ. మీవి రెండూ పాడైపోయి అది లోపలే నిలిచిపోతోంది, అందుకే షుగరు దిగింది. రేపటి నుంచి వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు చేతికి సూదులు గుచ్చి డయాలసిస్ చెయ్యాలండీ, అమ్మగారూ."