సెలవు పెట్టని మనిషి

వారం వారం ఇరవై కిలోల మేకులు మాయమైపోతుంటే ఏ యజమానికి కంటిమీద కునుకు పడుతుంది?

ఇనుప సామాను షాపాయనకు కూర్చుంటే కుర్చీలో ముళ్లు, లేస్తే కాళ్ల కింద నిప్పులు. గోడౌన్‌లోకి వెళ్లి బస్తాలు తడిమేవాడు. బయటికొచ్చి పనివాళ్ల మొహాలు చూసేవాడు. మళ్లీ బస్తాల దగ్గరికే. కాలుగాలిన పిల్లి అయినా అంతకన్నా నిదానంగా తిరుగుతుంది.

పనివాళ్లా, ముగ్గురే. బండి తోలే బావమరిది. బిల్లులు రాసే అమ్మాయి. గోడౌన్ తాళాలు మొలలో దోపుకుని తిరిగే బాబాయ్. బాబాయ్ అంటే రక్తసంబంధం కాదు. ఈయన తండ్రి హయాం నుంచీ షాపులో ఉన్న మనిషి. ఈయనకు తక్కెడ పట్టడం నేర్పిందే ఆయన.

"తుప్పుపట్టి రాలిపోతున్నాయేమో బావా," అన్నాడు బావమరిది.

"ఒరేయ్, ఇరవై కిలోల తుప్పు ఎక్కడ రాలిందో చూపించు, నీ చేతే ఊడిపిస్తా!"

అంతలో ఓ వడ్రంగి వచ్చాడు. యజమాని ధ్యాసంతా బాబాయ్ మొలలోని తాళాల మీదే ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. రెండు కిలోలు తూచి, ఎప్పటిలాగే పైన పిడికెడు కొసరు వేసి, పొట్లం కట్టాయి.

"మొహం అలా పెట్టావేంటన్నా, మేకు గానీ మింగావా?" అని నవ్వాడు వడ్రంగి.

ఈయనకు నవ్వు రాలేదు.

పక్కనున్న మందుల షాపాయన టీ తాగుతూ ఓ చిట్కా చెప్పాడు. "దొంగెప్పుడూ సెలవు పెట్టడు గురూ. పెడితే గుట్టు బయటపడుతుందని భయం. ఒక్కొక్కళ్లనీ వారం చొప్పున ఇంటికి పంపు. ఎవరు లేని వారం సరుకు సరిపోతుందో, వాళ్లే."

మొదటి వారం బావమరిది వెళ్లాడు. శనివారం బస్తాలు తూచారు. బిల్లుల లెక్కకు ఇరవై కిలోలు తక్కువ.

రెండో వారం బిల్లుల అమ్మాయి వెళ్లింది. పందొమ్మిదిన్నర తక్కువ.

ఇక మిగిలింది బాబాయ్.

"నాకెందుకబ్బాయ్ సెలవు? ముప్పై ఏళ్లలో ఒక్క పూట మానలేదు. ఇంట్లో కూర్చుంటే నాకు తోచి చావదు."

యజమానికి మందుల షాపాయన మాట గుర్తొచ్చింది. "వెళ్లు బాబాయ్. తాళాలిచ్చి వెళ్లు."

"పగటిపూట నన్ను చూస్తే మీ పిన్ని ఎవరో చుట్టం దిగాడనుకుంటుంది."

"మంచిదేగా, మర్యాదలు చేస్తుంది. వెళ్లు."

ఆ వారం యజమానికి గంట ఓ యుగమైంది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. నోట్లోకి ముద్ద దిగలేదు. ఉండుండి చెమటలు పట్టాయి. భార్య కనిపిస్తే చాలు, "సరుకు ఎలా ఉంది?" అని అడిగాడు. "శనివారం తెలుస్తుందిగా, కంగారెందుకు?" అందామె. తన వేలు పట్టుకుని తక్కెడ ముల్లు చూపించిన చెయ్యి దొంగతనం చేస్తుందా? చెయ్యదు. చేస్తే? ఆ ప్రశ్న దగ్గర బుర్ర గానుగెద్దులా గిర్రున తిరిగేది.

శనివారం బావమరిది బస్తాలన్నీ తూచాడు. భార్య కాగితం తెచ్చి చేతిలో పెట్టింది.

వంద గ్రాములు కూడా తేడా లేదు.

సోమవారం తలుపులు తీసేసరికే బాబాయ్ మెట్ల మీద ఉన్నాడు. "హమ్మయ్య, జైల్లోంచి బయటపడ్డట్టుంది," అంటూ తాళాల కోసం చెయ్యి చాపాడు.

యజమాని ఇవ్వలేదు. "ఇక నువ్వు రానక్కర్లేదు బాబాయ్," అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు.

"నేనా అబ్బాయ్?"

పెద్దాయన చాపిన చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు దానివంకే చూసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

దొంగ దొరికాక అయినా మనసు కుదుటపడాలి కదా? పడలేదు. యజమాని పక్క షాపుకు వెళ్లి స్టూలు లాక్కున్నాడు.

"నీ చిట్కా భలే పనిచేసింది గురూ. బాబాయ్ లేని వారం సరుకు సరిగ్గా సరిపోయింది. పంపించేశాను."

మందుల షాపాయన చేతిలో గ్లాసు ఆగింది. "ఏ వారం?"

"మొన్నటి వారమే."

"అదేంటి గురూ, ఆ వారమంతా నువ్వు జ్వరంతో మంచం దిగలేదనీ, నీ బదులు తక్కెడ తనే పట్టిందనీ మాత్రలకొచ్చిన మీ ఆవిడ చెప్పిందే!"