పైమడి నీళ్లు

మూడేళ్లుగా యూరియా లేకుండా వరి పండిస్తున్నాను. సిరొంచ మొత్తంలో సేంద్రియ సేద్యం పుస్తకాలు చదివినవాణ్ని నేనొక్కణ్నే కనుక, పైమడి ఆశన్న యూరియా చల్లిన ప్రతిసారీ భూమిని చంపుతున్నాడని నలుగురిలో కడిగేశాను.

ఈ ఏడు అతని వరి ఏపుగా లేచింది. నాది పసుపు పట్టింది.

"ఏం చల్లినవ్‌రా?"

"నీ తిట్లు పడలేక యూరియా బంద్ పెట్టిన మామా. పచ్చిరొట్టకు జీలుగ వేసి దున్నిన, పశువుల పెంట తోలిన."

"మరి నాదేంది గిట్లయింది?"

ఆశన్న మా మడుల నడుమ గట్టుకున్న గండి చూపించాడు.

"ఇన్నేండ్లు నా యూరియా నీళ్లు గీడికెల్లే నీ మడిల దిగినయ్. నువ్వు గంత సంబురంగ చెప్తుంటే అనబుద్ధి కాలే. ఇంతకు నువ్వెన్నడన్న పెంట తోలినవా?"

"దాని గురించి చాన సదివిన," అన్నాను.