ఉస్తాద్ ఎవరు?

"రేపు మీరిద్దరు రాకపోతే మన రీడింగ్ రూముకు తాళం పడ్తది తాతా!"

ఆర్మూర్ మార్కెట్ యార్డు ఎదురుగా ఉన్న రహీం గోనె సంచుల దుకాణంలోకి అంకిత రొప్పుతూ వచ్చింది. పాత బస్టాండు వెనక ఒక ట్రస్టు నడిపే చిన్న పఠనాలయానికి ఆమె ఈమధ్యే ఇన్‌చార్జిగా చేరింది. చదివేవాళ్లు లేరని, ఆ గదిని మొబైల్ షాపుకు కిరాయికిస్తే నయమని ట్రస్టు పెద్దలు అనుకుంటున్నారు. రేపు వాళ్ల మనిషి వచ్చి తేల్చేస్తాడు.

రహీం సంచుల కట్ట మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే అతని దోస్తు, పసుపు రైతు గంగాకిషన్. ఇద్దరి ఒళ్లోనూ క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన లావుపాటి పుస్తకం.

"ఎందుకు రాం బిడ్డా? రోజూ వస్తనే ఉన్నం గద" అన్నాడు గంగాకిషన్, కళ్లజోడు నుదుటి మీదికి తోసి.

నిజమే. మధ్యాహ్నం అన్నం తినగానే ఇద్దరూ ఆ గదికి చేరతారు. ఫ్యాను కింద ఎదురెదురుగా కూర్చుంటారు. కాసేపటికి ఎవరో ఒకరు గురక పెడతారు. రెండోవాడు గబగబా పేజీ తిప్పుతాడు.

"గా బీరువాలన్నీ ఎప్పుడో అయిపోయి ఉంటయి మీకు" అంది అంకిత.

"చదువుడంటే ఆత్రం పనికిరాదు బిడ్డా" అన్నాడు రహీం గంభీరంగా.

వాళ్ల మధ్య చదువు పందెం నడుస్తోందని ఊళ్లో అందరికీ తెలుసు. మీసాలు మొలిచిన కొత్తలో మొదలైంది. "నీకంటే ముందుగాల నేనే చదువుత" అని ఒకడన్నాడు. "చూద్దాం తియ్" అన్నాడు ఇంకొకడు. ఓడినవాడు యార్డు నడుమ నిలబడి గెలిచినవాణ్ని "ఉస్తాద్" అని పిలవాలి. ఆ ఒక్కరోజే కాదు, చచ్చేదాకా. ఇప్పుడు ఇద్దరికీ మనవలున్నారు. ఆ మాట మాత్రం ఇంకా ఎవరి నోటా రాలేదు.

పందెం కోసం ఇద్దరూ పడని పాట్లు లేవు. ఒక ఏడు గంగాకిషన్ పసుపు ఉడకబెడుతూ చదువులో పడ్డాడు. కొమ్ములన్నీ మెత్తగా ముద్దయిపోయాయి. "ఇగ గా పుస్తకాన్నే అమ్ముకొని రా పో" అంది భార్య నీలవ్వ. సంక్రాంతి నుంచి దసరా దాకా అదే మాట అంటూనే ఉంది. రహీం దుబాయ్ పోయేటప్పుడు బరువు ఎక్కువైందని, భార్య తాహెరా కట్టిచ్చిన మామిడి తొక్కు డబ్బా తీసేసి పెట్టెలో పుస్తకం సర్దాడు. తాహెరా ఇప్పటికీ ఆ డబ్బా సంగతి ఎత్తుతుంది. దుబాయ్ నుంచి ఫోన్ చేస్తే, పిల్లల క్షేమం అడిగాక దోస్తులిద్దరి మాటా ఒకటే.

"ఒడిసిందా? మొత్తం అయిపోయిందా?"

"ముందుగాల నీది ఒడిసిందా చెప్పు."

ఎవరూ చెప్పేవారు కాదు.

గంగాకిషన్ మోకాలి ఆపరేషనై నిజామాబాద్ దవాఖానలో పడుకున్న రోజుల్లో మాత్రం రహీం పుస్తకం ముట్టలేదు. "నువ్వు మంచంల ఉన్నప్పుడు నేను చదువుడు బేఇమానీ అయితది" అన్నాడు బత్తాయి ఒలుస్తూ. గంగాకిషన్ కళ్లు తుడుచుకున్నాడు. "మందులు వేడి చేసినట్టున్నయి" అన్నాడు.

మర్నాడు ట్రస్టు తరఫున మనీష్ అనే యువకుడు కారులో దిగాడు. బీరువా మీద వేలితో గీత గీశాడు. దుమ్ము చూసి పెదవి విరిచాడు. బల్లలన్నీ ఖాళీ. ఫ్యాను కింద మాత్రం ఇద్దరు ముసలివాళ్లు. అందులో రహీం తల అప్పటికే వాలిపోతోంది. అంకిత గట్టిగా దగ్గింది. రహీం ఉలిక్కిపడి పేజీ తిప్పాడు.

"రోజూ వస్తారా?" అడిగాడు మనీష్.

"పండుగనాడు గుడ వస్తం సార్" అన్నాడు గంగాకిషన్.

"ఎప్పట్నుంచి?"

"నా పెండ్లి గాకముందు నుంచి చదువుతున్నం. నా పెండ్లినాడు గుడ చదివిన. మా మామ ఇప్పటిదాక మరిచిపోలే."

"విసుగు రాదా?"

"వస్తది. నిద్ర గుడ వస్తది. అయితే ఏంది సార్? వీణ్ని ఉస్తాద్ అని పిలుసుడు కన్నా చదువుడే నయం."

మనీష్ నవ్వాడు. తర్వాత కుర్చీ లాక్కుని వాళ్ల ముందు కూర్చున్నాడు.

"కాలేజీ అయిపోయాక నేను ఒక్క పుస్తకం కూడా పూర్తి చేయలేదు తాతా. మొదలుపెడతాను, వదిలేస్తాను" అన్నాడు సిగ్గుగా.

"గట్ల వదిలెయ్యొద్దు" అన్నాడు రహీం. "పట్టిందాన్ని పట్టుకొనే ఉండాలె."

మనీష్ లేచి బయటికి వెళ్లి, ట్రస్టు పెద్దలతో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. లోపల అంకిత గోళ్లు కొరుక్కుంది. తిరిగొచ్చి, గది ఎక్కడికీ పోదని చెప్పాడు. ఇంకో ఫ్యాను కూడా ఇస్తామన్నాడు. అంకిత ఎగిరి గంతేసినంత పనిచేసి, చాయ్ తేవడానికి పరుగెత్తింది.

చాయ్ తాగుతూ మనీష్ ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాడు. "మా ట్రస్టు పత్రికలో మీ గురించి రాస్తాం. రాష్ట్రంలో పిల్లలందరూ చదవాలి. ఇన్నేళ్లలో మీరు మొత్తం ఎన్ని పుస్తకాలు చదివారు?"

"చెప్పుండ్రి తాతా, సిగ్గువడకుండ్రి" అంది అంకిత గర్వంగా.

గంగాకిషన్ రహీం వైపు చూశాడు. రహీం గంగాకిషన్ వైపు చూశాడు. ఇద్దరూ కలిసి నేల చూశారు.

చివరికి రహీం గొంతు సవరించుకున్నాడు.

"ఎన్నేంది సార్, పందానికని అప్పుడు ఇద్దరం ఒక్కతీరుది కొనుక్కున్న గీ ఒక్క పుస్తకమే ఇప్పటిదాక ఎవలికీ ఒడుస్తలేదు!"