సున్నపుతేట

ఆ ఉదయం పగడాలు పెంచే గాజు తొట్టి పక్కన మీటరు ఏడు పాయింట్ ఏడు చూపించింది. పగడాలు బాగుండాలంటే పీహెచ్ ఎనిమిది దాటాలి. మూడు వారాలుగా డెస్మండ్ ఉప్పునీళ్లలో సున్నపుతేట పోస్తూనే ఉన్నాడు. అంకె లేవడం లేదు.

"నాకు తలనొప్పి మాత్ర, దానికి సున్నపుతేట. ఇద్దరికీ గుణం కనపడట్లేదు," అంది అతని భార్య గ్వెన్, గ్యాస్ హీటరు పక్కన సోఫాలో ముడుచుకుని. "ఆ కిటికీ ఒక్కటి తెరిస్తే నీ సొమ్మేం పోయింది?"

"హోబర్ట్ చలికి పగడాలు తట్టుకోలేవు." కిటికీ సందుల్లో తనే అంటించిన టేపును మరోసారి వేలితో నొక్కాడు.

"నన్నూ ఆ తొట్టిలో వెయ్యి. అప్పుడైనా చూస్తావు."

"మాత్ర వేసుకుని పడుకో. సముద్రం నీళ్లు పట్టుకొస్తా. సగం మార్చి చూద్దాం."

మధ్యాహ్నం నాలుగు క్యాన్లతో అతను తిరిగొచ్చేసరికి గ్వెన్ అదే సోఫాలో, అలాగే ముడుచుకుని ఉంది. మాత్ర బల్ల మీదే ఉంది. పిలిచాడు. భుజం పట్టి కుదిపాడు.

అంబులెన్సు వాళ్లు వస్తూనే టేపు చించి కిటికీలన్నీ తెరిచారు. హీటరు పొగగొట్టంలో పిట్టగూడు అడ్డం పడిందని, కాలిన గ్యాసంతా వారాలుగా ఇంట్లోకే వస్తోందని చెప్పారు. తొట్టి నీళ్లూ ఆ గాలినే పీల్చాయని, అంకెను లేవనివ్వనిది అదేనని డెస్మండ్‌కు అప్పుడు తట్టింది.

గ్వెన్‌ను మొహం కప్పి తీసుకెళ్లారు. ఎముకలు కొరికే చలిలో అతను తొట్టి ముందు కూర్చున్నాడు. కిటికీలు మూయలేదు.

సాయంత్రానికి మీటరు ఎనిమిది పాయింట్ రెండు చూపించింది. పగడాలు విచ్చుకుంటున్నాయి.