చెరువు గట్టు మీద దడ

"పిల్ల గుండెకి ఏమైనా అయితేనో!" అంది రత్నమాణిక్యం, ఇంకా ఏమీ కాకముందే.

ఇప్పుడు భీమవరం వైపు ఏ వస్తువుతోనైనా "ఇలా అయితే అలా చెయ్యి" అంటే చాలు. సెన్సార్లు ఒకదానికొకటి కబురందించుకుని పని కానిచ్చేస్తాయి. కూతురు కుసుమ రొయ్యల చెరువుల దగ్గర ఉద్యోగం చేస్తోంది, చేతికి సెన్సార్ కడియం ఉంది. అందుకని ఆవిడ వంటింటి గోడకి చెప్పింది: "పిల్ల గుండె దడదడలాడితే గట్టు మీద లైట్లన్నీ వెలిగించు, సైరన్ మోగించు, నాకు ఫోన్ కలుపు."

"అమ్మా, ఆ సైరన్ రొయ్యలకి ఊపిరాడనప్పుడు మోగేదే!" అని మొత్తుకుంది కుసుమ.

"రొయ్యపాటి చెయ్యవా నువ్వు?"

ఆ సాయంత్రమే కిటికీలోంచి చూస్తే చెరువులన్నీ పట్టపగల్లా వెలిగిపోతున్నాయి. సైరన్ మోతకి ఊరంతా ఉలిక్కిపడింది. పొయ్యి మీద పోపు మాడిపోయింది. గోడ ఫోన్ కలిపింది.

"కుసుమా! పలకవేమే? నీళ్లలో పడ్డావా? పాము కరిచిందా?"

చాలాసేపు జనం పరుగులు, ఆ తర్వాత వాళ్ల నవ్వులు మాత్రమే వినిపించాయి. రత్నమాణిక్యం గరిటె చేత్తోనే గోడకి చెవి ఆనించింది.

చివరికి ఒక మగగొంతు నసిగింది.

"పాము కాదండి అత్తయ్యగారూ, నేనండి, పక్క చెరువు గోవర్ధన్‌ని. చెయ్యి పట్టుకున్నానండి, అంతే. ఊరంతా చూసేసింది కదండీ, రేపు మా నాన్నగార్ని పంపమంటారా?"